గార్డు గారి గడ్డం మళ్ళీ పెరిగిన సంగతి

నా పేరు, మా నాన్న పేరు, ఇంటి నెంబరు రాసే కానిస్టేబులు గారు ఇంతకుముందే పై కాగితంలో ఎక్కించుకున్నారు. వయసు అరవై రెండు. వృత్తి క్షౌరం. క్లినిక్ వీధిలో కళ్ళజోళ్ళ దుకాణాన్ని ఆనుకుని ఉన్న ఒంటి గది సెలూన్ నాది. కుర్చీలు రెండు, పనిచేసేది ఒకటి. రెండోదాని మీద పాత పత్రికలు పెడతాను. సెలూన్ వెనక గదిలోనే నా కాపురం. కాపురమంటే నేనొక్కణ్ణే. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని మీరు అడగలేదు కాబట్టి చెప్పను.

నన్ను ఎవరూ పిలిపించలేదు, ఎవరూ బెదిరించలేదు. నా అంతట నేనే స్టేషనుకి వచ్చాను. మా ఎదురు క్లినిక్కులో పనిచేసే నర్సమ్మ మీద గార్డు గారి అమ్మాయి పెట్టిన కేసులో నిజం లేదని చెప్పడానికి వచ్చాను. అసలు సూదిమందు అమ్ముకుని గార్డు గారికి నీళ్ళు ఎక్కించిందని కదా కేసు. నర్సమ్మ ఇచ్చింది అసలు మందే. గార్డు గారి ఒంట్లో ఉండకూడని హార్మోను ఎలా వచ్చి చేరిందో నాకు తెలుసు. దాన్ని ఆయన భుజాలకి రోజూ రాసింది నేనే, ఈ చేతులతోనే.

అలా వచ్చిందని ఒక్క ముక్కలో చెప్పి సంతకం పెట్టి వెళ్ళమంటున్నారు అధికారి గారు. ఒక్క ముక్కలో చెబితే నేను దుర్మార్గుణ్ణో, గార్డు గారు పిచ్చివారో అవుతాం. మేం రెండూ కాదు. అందుకని మొదటినుంచీ చెబుతాను.

గార్డు గారంటే గూడ్సు బండ్ల గార్డుగా పనిచేసి రిటైరైన ఆయన. వయసు డెబ్భై ఒకటి. భార్య పోయింది. బట్టల ఫ్యాక్టరీలో సూపర్వైజరుగా చేసే కూతురితో కలిసి మా పక్క వీధిలో ఉంటారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆయన బండి చివరి పెట్టెలో ఒక్కరే కూర్చుని రాత్రీ పగలూ ప్రయాణం చేశారు. అప్పుడు మాట్లాడకుండా దాచుకున్న మాటలన్నీ నా కుర్చీలో కూర్చుని ఖర్చుపెట్టేవారు. నేను నురగ పూసేటప్పుడు కూడా నోరు మూసేవారు కాదు. ఎన్నిసార్లు సబ్బు నోట్లోకి పోయిందో లెక్కలేదు.

ఆయన నన్ను "బావా" అని పిలిచేవారు. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఒకసారి కొత్త ఖాతాదారు ఎవరో "మీరిద్దరూ బంధువులా?" అని అడిగితే, "మెడ మీద కత్తి పెట్టి కూడా నవ్వుతూ మాట్లాడేవాడు బావమరిది కాక ఇంకెవడవుతాడండీ" అన్నారు. అప్పటినుంచి బావ అయ్యాను. నేను మాత్రం గార్డు గారూ అనే పిలిచేవాణ్ణి. ఖాతాదారుని వరస పెట్టి పిలవడం నాకు అలవాటు లేదు.

ఆయన గడ్డం సంగతి చెప్పాలి. గడ్డం సంగతి ఎందుకు, కేసు సంగతి చెప్పమంటున్నారు. కేసంతా గడ్డంలోనే ఉందండీ.

ఆయన గడ్డం ఇనప తీగ. మూడో రోజుకల్లా మాసిపోయేది, మూడో రోజుకల్లా ఆయన వచ్చేవారు. కత్తి గరగరలాడేది. ఒక గడ్డానికి రెండుసార్లు తోలు మీద నూరుకోవాల్సి వచ్చేది. అరగంట పని, గంటన్నర మాటలు. నేను పెద్దగా మాట్లాడను. వినడానికి ఒక మనిషి ఉన్నాడని ఆయన, చెప్పడానికి ఒక మనిషి వస్తాడని నేను. అంతకంటే ఏమీ లేదు మా మధ్య. అది నాకు చాలు అనిపించేది.

రెండేళ్ళ కింద ఆయనకి ప్రోస్టేటు గ్రంథిలో క్యాన్సర్ తేలింది. ఆపరేషను దశ దాటిందన్నారు. మూడు నెలలకొక సూది ఇస్తే చాలా ఏళ్ళు అదుపులో ఉంటుందన్నారు. ఆ జబ్బు మగ హార్మోను తిని పెరుగుతుందట, సూది ఆ హార్మోను పుట్టకుండా ఆపుతుందట. పెద్దాసుపత్రిలో మందు ఇస్తే దాన్ని మా ఎదురు క్లినిక్కులో నర్సమ్మ పొడిచేది. పొడిచిన ప్రతిసారీ గార్డు గారు పొట్ట పట్టుకుని వీధి దాటి నా దగ్గరికి వచ్చి, "బావా, కొలిమి ఆర్పేశారు" అనేవారు.

మందు బాగా పనిచేసింది. రక్తంలో జబ్బును చూపించే అంకె పడిపోయింది. రాత్రిళ్ళు లేవడం తగ్గింది. అమ్మాయి ముఖంలో కళ వచ్చింది. ఇదంతా నాకు తెలుసు, అయినా నేను చూసింది గడ్డాన్నే. మూడో రోజుకి మాసే గడ్డం వారానికి కూడా మాయడం మానేసింది. తర్వాత పది రోజులు. వెంట్రుక మెత్తబడింది. కత్తికి తగిలీ తగలనట్టు ఉండేది. పని తొందరగా అయిపోయేది. మనిషి కూడా మెత్తబడ్డారు. కుర్చీలో ఉండగానే ఒంట్లోంచి ఆవిరి లేచినట్టు చెమటలు పట్టేవి, తువ్వాలు తీసి విసరమనేవారు. పత్రికలో ఏదో కుక్కపిల్ల ఫోటో చూసి ఏడ్చేశారు ఒకరోజు. తర్వాత సిగ్గుపడి చొక్కా గుండీ విప్పి, "చూడు బావా, ఎదిగే పిల్లలా ఉన్నాను" అని రొమ్ము చూపించారు. నేను నవ్వలేదు. ఆయన నవ్వమన్నట్టు చూశారు గానీ నాకు నవ్వు రాలేదు.

పది రోజులకొకసారి వచ్చే మనిషి కోసం మిగతా తొమ్మిది రోజులు తలుపు వైపు చూస్తూ ఉండేవాణ్ణి. గడ్డం లేకపోయినా ఊరికే వచ్చి కూర్చోండి అని అనొచ్చు కదా అంటారు మీరు. అనొచ్చు. నాకు రాలేదు ఆ మాట. సెలూనుకి పని లేకుండా రమ్మని మనిషిని ఎలా పిలుస్తారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక తూకం ఆయన గురించి. కళ్ళజోళ్ళ దుకాణం పైగదిలో "హార్మోన్ల సమతూకం, సహజ మార్గం" అని బోర్డు పెట్టుకున్నాయన. డాక్టరు కాదు. తాను డాక్టరునని మాకు చెప్పనూ లేదు, ఎవరైనా డాక్టరు గారూ అంటే కాదననూ లేదు. మనిషి నెమ్మదస్తుడు. తెల్లటి చొక్కా, గొంతు పెంచి మాట్లాడడు. నా దగ్గర జుట్టు కత్తిరించుకుంటూ ఉండగా గార్డు గారు పక్కన పత్రికల కుర్చీ అంచు మీద కూర్చుని చెమటలు తుడుచుకుంటున్నారు. పోయిన చలికాలం అది. బయట వణుకుతున్నారు జనం.

"ఎన్నాళ్ళుగా ఇలా ఉంది?" అని అడిగాడు తూకం ఆయన.

గార్డు గారు చెప్పడం మొదలుపెట్టారు. తూకం ఆయన జుట్టు పని అయిపోయినా లేవలేదు. చివరిదాకా విన్నాడు. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ దగ్గర గార్డు గారికి దొరికేది రెండు నిమిషాలు, అందులో ఒకటి చొక్కా ఎత్తడానికే పోయేది. ఈయన గంటసేపు విన్నాడు. ఆ గంటలోనే మేమిద్దరం పడిపోయామని ఇప్పుడు అర్థమవుతోంది.

అంతా విని, "మగ హార్మోను మీకు శత్రువు కాదండీ" అన్నాడు. "కుర్రాళ్ళకి అది నిండా ఉంటుంది, వాళ్ళకి ఈ జబ్బు వస్తోందా? రాదు. ముసలితనంలో అది తగ్గి, తూకం చెడితేనే వస్తోంది. మీవాళ్ళు ఉన్న కాస్తా తీసేశారు. నేను సూది మానమనను. సూది ఒక పళ్ళెంలో ఉండనివ్వండి. రెండో పళ్ళెంలో మనం కాస్త వేద్దాం. ముల్లు మధ్యకి వస్తుంది."

వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. నాకు ఆ రోజు ఇందులో తప్పేమీ కనిపించలేదు. కుర్రాళ్ళకి ఆ జబ్బు రాదన్న మాట నిజమే కదా అనుకున్నాను. నిన్న డాక్టరమ్మ నాతో అన్నారు, కుర్రాళ్ళకి మోకాళ్ళ నొప్పులు కూడా రావు, అంతమాత్రాన మోకాళ్ళకి హార్మోను రాస్తామా అని. అప్పుడు ఆ మాట చెప్పేవాళ్ళు లేకపోయారు.

తూకం ఆయన ఇచ్చింది ఒక డబ్బా. మూత మీద ఆకు బొమ్మ, లోపల తెల్లటి గుజ్జు, వాసన లేదు. మూలికల సారం అన్నాడు. రోజూ ఉదయం రెండు భుజాలకీ రాసి ఆరనివ్వాలి. అయిపోతే ఇంకో డబ్బా. గార్డు గారు దాన్ని ఇంటికి తీసుకెళ్ళలేదు. అమ్మాయి అలమార సర్దేటప్పుడు చొక్కా జేబులు కూడా దులుపుతుంది. "నీ సీసాల మధ్య పెట్టు బావా, క్రీములో క్రీము. ఎవరికీ అనుమానం రాదు" అన్నారు. అద్దం కింద అరలో పెట్టాను. ఆయన చేతులు భుజాల వెనక్కి అందవు, కాబట్టి రాయడం నా పనైంది. రోజూ ఉదయం సెలూన్ తెరిచేసరికి గార్డు గారు మెట్టు మీద కూర్చుని ఉండేవారు.

రోజూ అన్నాను, రాసుకోండి. పది రోజులకొకసారి కాదు. ప్రతిరోజూ.

ఆయన చొక్కా విప్పి కూర్చునేవారు. నేను గుజ్జు తీసి భుజాలకి పట్టించేవాణ్ణి. చేతికి మిగిలినదాన్ని పారేయడం ఎందుకని నా ముంజేతులకి రుద్దుకునేవాణ్ణి. ఆరేదాకా ఆయన కదలకూడదు. ఆ కాసేపూ ఆయన బండ్ల గురించి చెప్పేవారు, చివరి బ్రేకు పెట్టెలో ఒంటరిగా ఉన్నప్పుడు తనలో తాను ఇద్దరు మనుషుల్లా మాట్లాడుకునేవారట. ఒకరు గార్డు, ఇంకొకరు పై అధికారి. అధికారి ఎప్పుడూ తిట్టేవాడట.

రెండు నెలలు కాకముందే ఒకరోజు గడ్డం కింద కత్తి పెట్టగానే చప్పుడు మారింది. ఆగాను. మళ్ళీ లాగాను.

"ఏమైంది?" అన్నారు.

"మొలక గట్టిపడింది గార్డు గారూ."

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "మళ్ళీ గీయి."

గీశాను. గర్రుమంది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. "బావా, ఇదే నా గడ్డం. ఇది నాదే" అన్నారు. నేను అద్దం తెచ్చి పక్కనుంచి చూపించాను. ఇద్దరం ఆ నల్లటి చుక్కల్ని చూసి పెళ్ళివారిలా సంబరపడ్డాం. ఆ రోజు నేను కొట్టు తొందరగా మూసి, టీ తెప్పించి, వచ్చిన ఇద్దరు ఖాతాదారుల్ని రేపు రమ్మని పంపేశాను.

ఇదీ మేం చేసిన పొరపాటు. నలభై ఏళ్ళుగా గడ్డాలు గీస్తున్నవాణ్ణి. జ్వరం పడి లేచినవాడి గడ్డం ఎలా తిరిగి పుంజుకుంటుందో చూశాను. దిగులులో ఉన్నవాడి గడ్డం, కోలుకున్నవాడి గడ్డం చూశాను. గడ్డం బలంగా వస్తే మనిషి బాగుపడ్డట్టే నా లెక్కలో. జబ్బుకి తిండి పెట్టేదీ గడ్డాన్ని పెంచేదీ ఒకటేనని ఎవరికి తోస్తుంది? నాకు తోచలేదు. గడ్డం మళ్ళీ మూడు రోజుల గడ్డం అయింది. చెమటలు పోయాయి, ఏడుపు పోయింది, గార్డు గారు మెట్లు రెండేసి ఎక్కడం మొదలుపెట్టారు. నర్సమ్మ సూది పొడిచే రోజు వస్తే "వెళ్ళొస్తా, అమ్మాయి సంతోషం కోసం" అని నాకు కన్నుకొట్టి వీధి దాటేవారు. ఒక్క సూది కూడా ఎగ్గొట్టలేదు. ఇది స్పష్టంగా రాయండి. నేను నా కుర్చీలోంచి ఎదురు కిటికీలో చూస్తూనే ఉండేవాణ్ణి, ఆమె మందు కలిపేది, పొడిచేది.

నా సంగతి కూడా రాయాలి, అది సాక్ష్యం అన్నారు డాక్టరమ్మ. ఆ నెలల్లో నాకు మొటిమలు వచ్చాయి. అరవై రెండేళ్ళకి, నుదుటి మీద. గార్డు గారు "పెళ్ళి చూపులకి వెళ్తున్నావా" అని ఏడిపించేవారు. నిద్ర తగ్గింది, ఒంట్లో సత్తువ పెరిగింది. గోడలకి నేనే సున్నం వేశాను. జుట్టు పొట్టిగా కత్తిరించానని ఎవడో సణిగితే మీద పడి అరిచాను, అంతకుముందు ఎన్నడూ అరవలేదు. గుండీల దుకాణం ఆవిడ వస్తే అనవసరంగా లేచి నిలబడేవాణ్ణి. ఉదయం లేవగానే ఇవాళేదో మంచి జరగబోతోందని అనిపించేది. నేనది సంతోషం అనుకున్నాను. మనిషి రోజూ వస్తున్నాడు కదా, అందుకని అనుకున్నాను.

తర్వాత గార్డు గారికి నడుము నొప్పి మొదలైంది. మెట్లు రెండేసి ఎక్కినందుకు అనుకున్నాం. నొప్పి తగ్గలేదు. కాళ్ళలో తిమ్మిరి అన్నారు. పోయిన బుధవారం ఉదయం సెలూన్ మెట్టు మీంచి లేవబోయి లేవలేకపోయారు. "బావా, కాళ్ళు నా మాట వినడం లేదు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేనూ, కళ్ళజోళ్ళ ఆయనా మోసుకుని ఆటోలో వేశాం.

పెద్దాసుపత్రిలో స్కానింగు తీశారు. జబ్బు వెన్నెముకలోకి వచ్చిందన్నారు. రక్తం తీస్తే, సూది వేసుకుంటున్నవాళ్ళకి ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు మగ హార్మోను ఉంది. డాక్టరమ్మ ఏమైనా ఇతర మందులు వాడారా అని ఆయన్ని అడిగారట. లేదన్నారట. అమ్మాయి ఎదురుగా ఉంది. మరి సూది ఎందుకు పనిచేయలేదు? అమ్మాయి ఆలోచించింది. సూదిలో మందే లేదని తేల్చుకుంది. ఆ పిల్లని నేను తప్పుపట్టను. తండ్రి కాళ్ళు పడిపోతుంటే ఎవరో ఒకరి మీద కోపం రావాలి.

శుక్రవారం సాయంత్రం మీ స్టేషను వాళ్ళు క్లినిక్కుకి వచ్చారు. నేను ఒకాయనకి జుట్టు కత్తిరిస్తున్నాను. నర్సమ్మ ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య నడుచుకుంటూ బయటికి వచ్చింది. వీధంతా చూస్తోంది. ఆమె నా వైపు తిరిగి, "అన్నయ్యా, ఆ పక్క కిటికీ వేసెయ్యవా, వానొచ్చేలా ఉంది, దూది తడిసిపోతుంది" అంది. వెళ్ళి కిటికీ వేశాను. వచ్చి మిగతా జుట్టు కత్తిరించాను. ఆయన జుట్టు ఎలా కుదిరిందో నాకు తెలియదు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ నా సంచి తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం. అమ్మాయి బట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళింది. గార్డు గారు నన్ను చూసి, "రా బావా, ముళ్ళపందిలా ఉన్నాను, బాగుచెయ్యి" అన్నారు. తువ్వాలు కప్పి, నురగ పూసి, ఎడమ చెంప నుంచి మొదలుపెట్టాను.

"ఆ డబ్బా ఏం చేశావు?" అన్నారు మెల్లగా.

"అరలో ఉంది."

"పారెయ్. ఎవరి కంటా పడకుండా."

"నర్సమ్మని తీసుకెళ్ళారండీ."

"విన్నాను."

"ఆమె ఏం చేసిందండీ పాపం?"

ఆయన పైకప్పు వైపు చూశారు. "ఆవిడకేం బావా, చిన్న వయసు. నాలుగు రోజులు తిప్పి వదిలేస్తారు. ఇంకో ఉద్యోగం చూసుకుంటుంది. నేనే, ఆ పిల్ల ముందు మళ్ళీ తలెత్తుకోలేను."

"మందు వాడానంటే అమ్మాయి కొడుతుందా ఏమిటి? జబ్బు తగ్గాలనే కదా వాడారు."

"జబ్బు కోసం వాడలేదుగా." నా చెయ్యి ఆగింది. ఆయన ఆగలేదు. "జబ్బు తగ్గుతూనే ఉంది. అది నీకూ తెలుసు. మళ్ళీ మగాణ్ణనిపించాలని వాడాను. డెబ్భై ఏళ్ళు దాటాక. కూతురికి ఏ నోటితో చెప్పను? నువ్వే చెప్పు."

 ఎడమ చెంప పూర్తి చేశాను. కత్తి తుడిచాను. తుడుస్తూ, "రేపు వేరే మందు మొదలెడతారటగా, ఘాటుది. జబ్బు సూదికి లొంగడం లేదనుకుని ఇస్తున్నారు. అసలు సంగతి తెలిస్తే ఇవ్వకపోవచ్చు కదండీ" అన్నాను.

"ఇవ్వనీ."

"దాంతో మీకేమైనా అయితే?"

"అవనీ. నువ్వు నోరు విప్పావంటే మాత్రం మళ్ళీ నా మొహం మీద చెయ్యి వెయ్యనివ్వను. ఒట్టేసి చెబుతున్నాను."

ఆయన ఒట్టు వేస్తే వేసినట్టే. కత్తి పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు నాకు నర్సమ్మ గుర్తుకు రాలేదు, అబద్ధమెందుకు. ఈ మనిషి రాకపోతే సెలూన్ ఎలా ఉంటుందో అదే గుర్తుకు వచ్చింది. మెట్టు కనిపించింది, ఎవరూ లేకుండా. అయినా, "చెబుతానండీ" అన్నాను.

ఆయన కుడి చెంప మీద నురగని తువ్వాలుతో తానే తుడిచేసుకున్నారు. నురగ కింద గడ్డం అలాగే ఉంది, నల్లగా, దట్టంగా. గోడ వైపు తిరగబోయారు. కాళ్ళు తిరగలేదు, మొహం ఒక్కటే తిరిగింది.

"వెళ్ళు" అన్నారు.

 బ్రష్షు మీద నురగ ఎండిపోయింది. సగం గీసిన గడ్డాన్ని వదిలి రావడం నాకు అదే మొదటిసారి.

సెలూనుకి వచ్చి డబ్బా తీసుకుని తిరిగి ఆసుపత్రికి వెళ్ళి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకి ఇచ్చాను. అంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "రాసేటప్పుడు చేతులకి ఏమైనా తొడుక్కున్నారా?" అని అడిగారు. తొడుగు వేసుకుంటే చర్మం తెలియదమ్మా అన్నాను. నా నుదుటి వైపు చూసి, నా రక్తం కూడా తీయించారు. ఈ ఉదయం ఫలితం చెప్పారు. పాతికేళ్ళ కుర్రాడికి ఉండేంత ఉందట నాలో. ఆ డబ్బాలో మూలికలు ఉన్నాయో లేవో పరీక్షకి పంపితే తెలుస్తుంది గానీ, మగ హార్మోను మాత్రం తప్పకుండా ఉందన్నారు. సూది ఒంట్లో పుట్టే హార్మోనునే ఆపుతుందట, పైనుంచి రాసినదాన్ని ఆపలేదట. నర్సమ్మ ఇచ్చిన మందు మంచిదే అయినా రక్తంలో అంకె అలాగే వస్తుందని కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ కాగితం మీకు అప్పగించాను.

గార్డు గారి సంగతి అడిగాను. వెన్నెముకకి రేడియేషన్ ఇస్తున్నారు, కాళ్ళలో బలం కొంత తిరిగి రావచ్చన్నారు. ఘాటు మందు ఇవాళ మొదలుపెట్టడం లేదు. పూత ఆపితే పాత సూదికే జబ్బు మళ్ళీ లొంగవచ్చు, ఇంకొన్నేళ్ళు ఉండొచ్చు, ఖాయంగా చెప్పలేనన్నారు. నా సంగతి నేను అడగలేదు, ఆవిడే చెప్పారు. నాలుగైదు వారాల్లో మామూలవుతానట. ఆ ఉత్సాహమంతా మందు వల్లేనట. కొంత నా సొంతం కూడా అయ్యుంటుందమ్మా అన్నాను. ఆవిడ కాదనలేదు.

అక్కణ్ణించి వార్డుకి వెళ్ళాను. సంచి నాతోనే ఉంది. అమ్మాయి మంచం పక్కన కూర్చుని ఉంది. రాత్రే డాక్టరమ్మ ఆమెకి చెప్పేశారు. కళ్ళు వాచి ఉన్నాయి. "ఇద్దరూ కలిసి నా దగ్గర దాచారు కదా బాబాయ్" అంది. తర్వాత, "నర్సమ్మ కాళ్ళు పట్టుకోవాలి నేను" అంది. సాయంత్రం కేసు వెనక్కి తీసుకోవడానికి వస్తానంది. వస్తే ఆమెని కూర్చోబెట్టి మాట్లాడండి, రాత్రంతా నిద్రలేదు ఆ పిల్లకి.

గార్డు గారు కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్రపోయేవాళ్ళ రెప్పలు అలా బిగుసుకుని ఉండవు. కుడి చెంప నున్నగా ఉంది. వార్డులో పనిచేసే మనిషెవరో గీశారు. దవడ కింద తెగింది. దూది ముక్క అంటించి ఉంది, అది కూడా ఊడిపోబోతోంది. "గార్డు గారూ" అన్నాను. పలకలేదు. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు వద్దు బాబాయ్" అంది. ఎప్పుడు అని అడగాలనుకున్నాను. సంచి తీసుకుని ఇక్కడికి వచ్చాను.

ఆయన బతికితే చాలునని అనలేను. అలా అనేంత మంచివాణ్ణి కాదు నేను. ఆయన బతకాలి, నా దగ్గరికి రావాలి. రెండూ కావాలి నాకు. నోరు విప్పితే ఒకటే దొరుకుతుందన్నారు ఆయన, ఆ ఒకటి అడిగాను.

తూకం ఆయన గది ఉదయం కూడా తెరిచే ఉంది. మెట్ల మీద ఇద్దరు పెద్దవాళ్ళు కూర్చుని ఉన్నారు. త్వరగా వెళ్ళండి.

పైన రాసినదంతా సోమవారం పగలు పదకొండు గంటలకి, ఈ స్టేషనులో, నేను నా నోటితో చెప్పింది. కానిస్టేబులు గారు రాసుకుని నాకు చదివి వినిపించారు. నేను చెప్పనిది ఇందులో లేదు, చెప్పినది ఏదీ వదిలిపెట్టలేదు. ఇందులో ఉన్నది నిజమని, కోర్టులో అడిగినా ఇదే చెబుతానని ఒప్పుకుంటున్నాను. ఇంకేమైనా చేర్చాలా అని అధికారి గారు అడిగారు. కేసుకి సంబంధం లేని మాట ఒకటి ఉందన్నాను. ఫరవాలేదు, రాయిస్తానన్నారు. మూడో అంతస్తు వార్డులో గడ్డాలు గీసే మనిషికి ఎవరైనా ఈ మాట చేరవేయాలి: గార్డు గారికి కుడి దవడ కింద వెంట్రుక కిందికి కాదు, చెవి వైపుకి తిరిగి ఉంటుంది. చర్మాన్ని బొటనవేలితో పైకి లాగిపట్టి, పక్కనుంచి గీయాలి. తెగదు.

(సంతకం)